గంజి పెట్టని కాగితం

వినీతకు కావ్యను ఎవరూ అంటగట్టలేదు. తనే చూసి, తనే ముచ్చటపడి, ఇంట్లో అందరినీ తనే ఒప్పించి మరిదికి చేసుకుంది. తర్వాత ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకు తెలిసేది కాదు.

వాళ్ల ఇల్లు నిజామాబాద్‌లో మార్కండేయ గుడి వెనక సందులో ఉంది. ముందుగది దుకాణం, వెనక కాపురం, పైన డాబా మీద కాగితం పని. ఆ సందులో ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కనిపిస్తారు. వినీత అత్త ప్రమీలమ్మ అలా చుట్టే ఇద్దరు కొడుకులను పెంచింది. కోడలికీ ఒక చాట అందించబోయింది గానీ, వినీత అది అందుకోకుండా ఏదో సంస్థవాళ్లు ఊళ్లో పెట్టిన శిక్షణకు వెళ్లి, చేత్తో కాగితం చెయ్యడం నేర్చుకొచ్చింది.

దర్జీల దగ్గర మిగిలిన నూలు పేలికలు, గానుగ దగ్గర పారేసిన చెరుకు పిప్పి. రెంటినీ ఉడకబెట్టి, దంచి, గుజ్జు చేసి, తొట్టి నీళ్లలో కలిపి, జల్లెడ చట్రంతో ఒక్కసారి ఎత్తితే ఒక్క కాగితం వస్తుంది. దాన్ని గుడ్డ మీద బోర్లించి, బరువు పెట్టి నీరు పిండి, ఆరబెట్టాలి. పల్చటి గంజిలో ముంచి మళ్లీ ఆరబెట్టి, గాజు సీసాతో నున్నగా రుద్దాలి. మొదట్లో అన్నీ అట్టల్లా వచ్చేవి. ఏళ్లు గడిచేసరికి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చెరుకు నార పసిపిల్లల వెంట్రుకల్లా మెరిసే పల్చటి కాగితం ఆమె చేతికి లొంగింది. ఆ కాగితంతో కవర్లు, చిన్న పుస్తకాలు, పెళ్లి పత్రికలు చేసేది. భర్త రవీందర్ అచ్చు పని చూసుకునేవాడు.

పిప్పి కోసం ఆమె ఎడపల్లిలో పోశన్న బెల్లం గానుగకు వెళ్లేది. ఒకనాడు అక్కడ పోశన్న కూతురు కావ్య గుమ్మంలో కూర్చుని పాత పేపర్లతో తోరణం కత్తిరిస్తూ కనిపించింది. గీత గీసుకోలేదు, కొలత పెట్టుకోలేదు. కత్తెర దానంతట అదే నడుస్తున్నట్టుంది. చిలకలు, చిలకల మధ్య జామకాయలు, ఒక చిలకకు మాత్రం ముక్కు పక్కకు తిరిగి ఉంది, అలిగినట్టు. వినీత చేతిలో బస్తా కింద పెట్టి అలాగే నిలబడిపోయింది.

"ఎవలు నేర్పిన్రు చెల్లె నీకు?"

"ఎవలు నేర్పలే అక్కా. ఊకె కూసోబుద్ధి గాక," అంది కావ్య సిగ్గుపడుతూ.

ఇలాంటి చెయ్యి మన ఇంట్లో ఉంటే దుకాణం ఎక్కడికో పోతుందని వినీత దారి పొడుగునా అనుకుంది. అప్పటికే మరిది అరుణ్‌కు సంబంధాలు చూస్తున్నారు. వరసలు కలిశాయి, మాటలు కుదిరాయి. ఆ ఎండాకాలంలోనే కావ్య ఈ ఇంటి చిన్నకోడలైంది.

ఆ మొదటి ఆరు నెలలంత బాగా గడిచిన రోజులు వినీత జీవితంలో లేవు. తోటికోడలిని వెంటేసుకుని పనంతా నేర్పింది. గంజి సరిగ్గా పట్టిందో లేదో చూడటానికి కాగితం మూల మీద నీటిబొట్టు వెయ్యాలనీ, అది గుండ్రంగా నిలిస్తే మంచిదనీ, ఇంకిపోతే మళ్లీ ముంచాలనీ చెప్పింది. చట్రం ఎత్తడం మాత్రం కావ్యకు రాలేదు. ఆమె ఎత్తిన కాగితం ఒక పక్క మందం, ఒక పక్క చిల్లులు. "నీ కాగితం మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చు పో," అని వినీత నవ్వేది. కావ్యా నవ్వేది. ఆ నవ్వులో తనకు దక్కిన సంతోషం ఎలాంటిదో వినీత అప్పుడు ఆలోచించుకోలేదు.

ఒక సాయంత్రం కావ్య అరుగు మీద అత్త పక్కన కూర్చుని ఆమె వేళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది. ప్రమీలమ్మ తునికాకులో పొగాకు పోసి చుట్టి, కొసను గోటితో లోపలికి నొక్కి మడతపెడుతోంది. రోజూ వందల సార్లు చేసే పని. ఆమె చూడను కూడా చూడదు. కావ్య లేచి లోపలికి వెళ్లి, వినీత చేసిన కాగితం ఒకటి తీసుకుని ఏదో మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. కాసేపటికి ఒక కవరు తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది. జిగురు లేదు, దారం లేదు. కాగితం దాని చుట్టూ అదే చుట్టుకుని, కొస లోపలికి నొక్కుకుని మూసుకుంది, అచ్చం బీడీ మూతి మడతలాగే.

ప్రమీలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె ముఖం విప్పారింది.

"అవ్వో! గిది నా మడతనే గదనే!"

ఆ కవరు పట్టుకుని సందంతా తిరిగింది. మోకాళ్ల నొప్పులని గుడికి కూడా వెళ్లని మనిషి, ఎదురింటి గంగమణి దగ్గరికీ, పక్కింటికీ, మూలమలుపు కిరాణా దుకాణానికీ వెళ్లి చూపించి వచ్చింది. "మా చిన్నకోడలు చేసింది. నా చేతిల మడత."

వినీత డాబా మెట్ల మీద నిలబడి ఇదంతా చూసింది. ఆ కాగితం తనది. అది ఎవరూ అనలేదు. అనకపోయినా బాధ లేదు. కానీ ఆ మడత పన్నెండేళ్లుగా తన కళ్ల ముందే ఉంది. అత్త పక్కనే కూర్చుని కూరగాయలు తరిగింది, బియ్యం ఏరింది, ఆ వేళ్లు ఆడుతుంటే మాట్లాడింది. ఒక్కనాడూ చూడలేదు. వచ్చి ఏడాది కాని పిల్ల ఒక్క సాయంత్రంలో చూసేసింది.

ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

తర్వాత అంతా తొందరగా జరిగిపోయింది. కావ్య పసుపుతో ఉడికించి రంగు పట్టించిన కాగితం అంచును సున్నపు నీళ్లలో ముంచితే, ఆ అంచు పారాణి రంగుకు తిరిగింది. పచ్చటి పత్రికకు ఎర్రటి అంచు. రవీందర్ అది చూసి ఈలేశాడు. అరుణ్ ఫోన్లో ఫొటో తీసి నలుగురికీ పంపాడు. నెల తిరక్కుండానే ఆర్మూర్ నుంచీ, కామారెడ్డి నుంచీ మనుషులు రావడం మొదలుపెట్టారు. గుమ్మంలోకి వచ్చీ రాగానే, "కావ్య కార్డులంటే ఇక్కడేనా?" అని అడిగేవాళ్లు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వినీత, "ఇక్కడనే, రాండ్రి," అనేది నవ్వుముఖంతో. ఆ నవ్వు మోయలేక సాయంత్రానికి దవడలు నొప్పి పుట్టేవి.

కావ్య చెడ్డదైనా బాగుండేదని ఆమెకు చాలాసార్లు అనిపించింది. పొగరుగా ఒక మాట అన్నా, పని ఎగ్గొట్టినా, నలుగురిలో చులకన చేసినా కోపానికి ఒక దారి దొరికేది. కావ్య అలాంటిది కాదు. "కాగితం అక్కది," అని వచ్చిన ప్రతివాళ్లతో చెప్పేది. వాళ్లు "అట్లనా," అని, కాగితం వైపు ఒకసారి చూసి, మళ్లీ మడత వైపు తిరిగేవాళ్లు. కావ్య అలా చెప్పడం చెప్పకపోవడం కంటే ఎక్కువ మంట పుట్టించేది. ముష్టి వేసినట్టుండేది.

కావ్య పుట్టింటికి వెళ్లిన ఒక వారం, వినీత తలుపు వేసుకుని తనూ ఒక పత్రిక తయారుచేసింది. తామరపువ్వు ఆకారంలో విప్పుకునే పత్రిక. కొలతలు వేసుకుంది, అట్టతో నమూనా కోసుకుంది, రేకు రేకుకూ అంచు దిద్దింది. చూడటానికి ఎక్కడా తప్పు లేదు. తీసుకెళ్లి దుకాణంలో నమూనాల వరసలో అందరికీ కనిపించేటట్టు పెట్టింది.

సౌందర్య వచ్చింది ఆ మర్నాడే. నందిపేట్‌లో పసుపు పండించే కుటుంబం. తల్లి గంగుబాయి కూడా వెంట ఉంది. సౌందర్యకు ఇంకో నెల చిల్లరలో పెళ్లి. అప్పుడే ఎడపల్లి నుంచి తిరిగొచ్చిన కావ్య లోపలి నుంచి చాయ్ తెచ్చిచ్చింది. సౌందర్య వరసలో ఒక్కో పత్రికా తీసి చూసింది. తామరపువ్వును కూడా తీసింది. విప్పింది, మూసింది, పక్కన పెట్టింది. పచ్చటి పత్రిక దొరికేసరికి ఆమె కళ్లు వెలిగాయి.

"అమ్మా, గిది సూడు! మన పసుపే, మన పారాణే."

అంటూనే చేతిలో చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టాలో చూసుకోకుండా కింద పెట్టింది. తామరపువ్వు మీద. చాయ్ మరక గుండ్రంగా రేకుల్లోకి దిగింది. ఆ పిల్ల చూసుకోలేదు. ఎవరూ చూసుకోలేదు. వాళ్లు వెళ్లిపోయాక వినీత దాన్ని మడిచి రవికలో దోపుకుని, డాబా మీదికి వెళ్లి గుజ్జు తొట్టిలో పడేసింది.

సౌందర్య పత్రికలకు కాగితం చెయ్యడం ఎప్పటిలాగే వినీత పని. పసుపు పట్టించి ఆరిన కట్టలను వరసగా గంజిలో ముంచుతోంది. కింద దుకాణంలో రవీందర్ ఎవరితోనో అంటున్న మాట వినిపించింది. "మా కావ్య చేతిల ఏదో ఉన్నదన్నా. ఆమె అచ్చినంక మా దుకాణం దశనే మారిపాయె." వినీత చేతులు గంజిలోనే ఆగిపోయాయి. ఆ వేడి నీళ్లలో ఎంతసేపు ఉండిపోయిందో తెలియదు. తర్వాత తెప్పరిల్లి చేతులు తుడుచుకుని, మిగిలిన పని ముగించి లేచింది. లేచాక చూస్తే గోడవారన ఒక పెద్ద కట్ట అలాగే పొడిగా ఉంది. దానికి గంజి పట్టలేదు.

మర్చిపోవడం అంతవరకే. ఆ తర్వాతది మరుపు కాదు.

గిన్నెలో గంజి ఇంకా మిగిలే ఉంది. పొద్దు ఇంకా వాలలేదు. ముంచితే ఆ పూటకే ఆరేది. వినీత ఆ కట్ట వైపు కొంచెంసేపు చూసింది. చూసి, గంజి గిన్నె ఎత్తి మోరీలో పారబోసింది. పొడి కట్టను సీసాతో నున్నగా రుద్ది, మంచి కట్టల పైన పెట్టి, కిందికి దింపి కావ్య బల్ల మీద పెట్టింది. 

పత్రికలో మాటలన్నీ రవీందర్ అచ్చు వేస్తాడు. అతని రంగు చిక్కటిది, కాగితం ఎలాంటిదైనా పైనే నిలుస్తుంది. వధూవరుల పేర్లు మాత్రం కావ్య కలంతో, సిరాతో స్వయంగా రాస్తుంది. సౌందర్యకు అది చూడాలని సరదా. ముహూర్తం చూసుకుని తల్లితో వచ్చి ఎదురుగా కూర్చుంది. మొదటి పత్రిక తన చేతుల్లోకే కావాలంది. కావ్య కలం సిరాలో ముంచి, ఊపిరి బిగబట్టి 'సౌ' అని రాసింది.

సిరా ఆగలేదు. అక్షరం ఒడ్డులు తెంచుకుని నాలుగు వైపులా పాకింది. కావ్య కంగారుగా ఇంకొకటి తీసింది, మరొకటి తీసింది. అన్నీ అంతే. పసుపు కాగితం మీద నల్లటి మచ్చలు, దిష్టి తీసి పడేసినట్టు.

"గిదేందిది?" గంగుబాయి గొంతు లేచింది. "పిల్ల పేరు మీద నల్లమరకలా? శుభమా అని అస్తే గిట్లనా జేసేది? ఓ అవ్వా, పెండ్లి పత్రిక మీద గిట్లయితే ఏమన్నట్టు?"

సౌందర్య ఏడ్చేసింది. కావ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. "తడి తగిలిందేమో అమ్మా, నేనే సరిగ దాసిపెట్టలే, తప్పు నాదే," అని తడబడుతోంది. అప్పుడే ఇంటికొచ్చిన అరుణ్ సంగతి విని, వచ్చినవాళ్ల ముందే భార్యను కసిరాడు. "నలుగురు మెచ్చుకునేసరికి కండ్లు నెత్తికెక్కినయా?"

వినీత గల్లాపెట్టె వెనక నిలబడి ఉంది. ఎన్నాళ్ల నుంచో ఎదురుచూసిన క్షణం ఇదే. అది నిజంగానే తియ్యగా ఉంది. కావ్య తల వంచుకుని నిలబడితే, ఒళ్లంతా చల్లబడినట్టు, ఎండలో నడిచొచ్చి చెరుకు రసం తాగినట్టు ఉంది. ఆ తీపి డాబా మెట్లు ఎక్కేదాకా నిలిచింది. పైకి వెళ్లి తొట్టి గట్టు మీద కూలబడింది.

కాసేపటికి కావ్య పైకొచ్చింది. చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి. వాటిని గట్టు మీద పరిచి, తొట్టిలో వేలు ముంచి ఒక్కోదాని మీద ఒక్కో బొట్టు వేసింది. ఒకదాని మీద బొట్టు నిలిచింది. రెండోదాని మీద చప్పున ఇంకిపోయింది.

"అక్కా, దీనికి గంజి పట్టియ్యలే."

"మర్చిపోయినట్టున్న."

"నువ్వు మర్చిపోవు." కావ్య బొట్టు ఇంకిన చోట వేలు పెట్టింది. "మర్చిపోయినా, బొట్టు ఎయ్యకుండ కిందికి దింపవు. నాకు నేర్పిందే నువ్వు."

వినీత అబద్ధం వెతుక్కుంది. దొరకలేదు. దొరకకపోయేసరికి కోపం వచ్చింది.

"అవునే. కావాల్ననే పెట్టిన. ఏం జేస్తవ్?"

కావ్య తడి వేలు కొంగుకు తుడుచుకుంది.

"ఈ ఇంట్ల నా పేరు ఎవలన్న తీస్తున్నరా?" వినీత మాటలు తెగిన దండలా రాలిపోతున్నాయి. "పన్నెండేండ్ల సంది గుజ్జు దంచి దంచి నా భుజాలు పడిపోయినయి. అత్తమ్మ ఒక్కనాడు నా కాగితం చేతిల పట్టుకోని సూడలే. నువ్వు ఒక్క మడత మడిస్తే ఊరంత తిరిగింది. నీకు దానంతల అదే వచ్చింది, ఏడికెల్లి వచ్చిందో. నాకెందుకు రాలే? చెప్పు, నాకెందుకు రాలే?"

"గది నాకేం తెలుస్తదక్కా?" కావ్య కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మాట మెత్తబడలేదు. "నాకు చెప్తే అయిపోతుండె గదా."

"చెప్తే ఏం జేసేదానివి? మడత మర్చిపోతుంటివా?"

కావ్య ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"మర్చిపోయేదాన్ని గాదు," అంది. "నాతోని గాదు. గానీ గంత మంది ముందట నన్ను నిలబెట్టినవ్ సూడు, గది నేను జన్మల మర్చిపోను."

కాగితాలు అక్కడే వదిలేసి దిగిపోయింది.

కావ్య కింద ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే, అరిచి గోల చేసి ఉంటే వినీత ఎదురు తిరిగేది, బుకాయించేది. ఆ పూట వంటింట్లో కావ్య ఏడ్చిన కళ్లతో రొట్టెలు చేస్తుంటే, అరుణ్ ఇంకా సణుగుతుంటే, వినీత మధ్యగదిలోకి వచ్చి నిలబడింది. "దాన్ని అనకు. గంజి పట్టియ్యనిది నేను. మర్చిపోయి గాదు. ఓర్వలేక," అంది. రవీందర్ అన్నం ముందు నుంచి తలెత్తి చూశాడు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు. ప్రమీలమ్మ చాట పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు పెద్దకోడలితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు వినీత ఒక్కతే బస్సెక్కి నందిపేట్ వెళ్లింది. గంగుబాయి గడపలోనే నిలబెట్టి మాట్లాడింది.

"కాగితం నా చేతిది. తప్పు నాది, ఆ పిల్లది గాదు," అంది వినీత. "పత్రికలు మల్ల చేసిస్తం. మీరు అనుకున్న దినానికే అందిస్తం."

గంగుబాయి నమ్మలేదు. ఇంకెక్కడో అచ్చు వేయించుకుంటామంది. లోపలి నుంచి సౌందర్య వచ్చి, "అమ్మా, నాకు గవే కావాలె," అని మొండికేసింది. ఆ పిల్ల మొండితనం వల్ల పని దక్కింది. 'గవే' అన్నమాట వినీతకు మళ్లీ ఎక్కడో గుచ్చుకుంది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన గడపలో కూడా ఈ మంటేమిటని తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ తర్వాత తోటికోడళ్లిద్దరూ పక్కపక్కనే పనిచేశారు, మాటల్లేకుండా. వినీత చట్రం ఎత్తింది, గంజి పట్టించింది, ప్రతి కాగితం మూలా నీటిబొట్టు వేసింది. కావ్య కూడా మళ్లీ ప్రతిదాని మీదా బొట్టు వేసి చూసుకుంది. వినీత చూస్తుండగానే వేసింది. వినీత తర్వాతి కాగితం అందించింది. పత్రికలు పూర్తయ్యాయి. ఎండలో పెడితే పసుపు, ఎరుపు రెండూ వెలిగిపోయాయి. ఇంతకు ముందెప్పుడూ అంత బాగా కుదరలేదు. గంగుబాయి వచ్చి చూసి, మొదటి పత్రికకు కుంకుమ పెట్టి కళ్లకద్దుకుంది.

సౌందర్య పెళ్లయిన కొన్నాళ్లకు అరుణ్, కావ్య వేరుపడ్డారు. బోధన్‌లో బస్టాండుకు దగ్గర్లో దుకాణం తీసుకున్నారు. గొడవేమీ జరగలేదు. కావ్య అడిగింది, అరుణ్ సరేనన్నాడు. వెళ్లేముందు కావ్య డాబా మీదికి వచ్చింది.

"కాగితం నీ దగ్గరనే తీస్కుంటక్కా. నాకు చట్రం రాదు. వేరేవాళ్లది చూసిన, మంచిగ లేదు," అంది. అందులో ప్రేమ లేదు, ఎగతాళీ లేదు. బేరం మాట.

"తీస్కపో," అంది వినీత.

దుకాణం తెరిచే రోజు పిలుపొస్తే వినీత వెళ్లింది. వెళ్లకుండా ఉండటానికి ఎన్ని సాకులు వెతుక్కుందో ఆమెకే తెలుసు. చిన్న గది అది. గోడల నిండా పత్రికలు, కవర్లు, దండల్లా వేలాడుతున్న చిన్న చిన్న పుస్తకాలు. లోపల కాలు పెట్టే సందు లేదు. ధర్మాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం మరాఠీలో మాట్లాడుకుంటూ ఒక పత్రికను చేతి నుంచి చేతికి మార్చుకుంటోంది. అందులో ముసలామె పత్రికను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నవ్వింది. కావ్య వాళ్ల మధ్య నిలబడి మడత ఎలా విప్పాలో చూపిస్తోంది. ఆమె వేళ్లు ఆడుతుంటే అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. వినీత కూడా చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. కొబ్బరిముక్క తిని, పసుపు కుంకుమ పెట్టించుకుని, మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి ప్రమీలమ్మ అరుగు మీద ఉంది. చెప్పులు విప్పుతున్న కోడలి వైపు చూసి, చాలా రోజుల తర్వాత తనంతట తాను పలకరించింది.

"ఎట్లున్నదే దుకాణం?"

"మంచిగున్నదత్తమ్మా. మస్తుమంది అచ్చిన్రు." వినీత అరుగు అంచున కూర్చుంది. "సూస్తుంటే కడుపుల మండింది."

ప్రమీలమ్మ చెయ్యి ఆగింది. "ఇంక మండుతనే ఉన్నదా?"

"మండుతనే ఉన్నది."

"మరి మంచి కాగితమంత ఏరి ఏరి దానికే పంపుతవేందే? మొన్న మూట కట్టుతుంటే సూసిన."

ఎదురింటి అరుగు మీద గంగమణి చాట దులుపుతోంది. వినీత పొగాకు ఘాటుకు కళ్లు నులుముకుంది.

"వేరేవాళ్లకిస్తే పాడుజేస్తరత్తమ్మా," అంది చివరికి. "అది పాడుజెయ్యది."

ప్రమీలమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"కాళ్లు కడుక్కో," అంది. "పొద్దటి సంది ఏం తిననట్టున్నవ్. అన్నం పెడ్త."